చెప్పులతో కలిపి

"అరవై ఎనిమిదిన్నర," అన్నాడు ముసలాయన.

లిఫ్టులో ఉన్నది వాళ్ళిద్దరే.

"ఏంటండీ?" అంది ఆమె.

"చెప్పులతో కలిపి."

ఆ భవనంలో అద్దెకు దిగి ఆమెకు అది మూడో రోజు. తిన్నగా ఇంట్లోకి వెళ్ళి, చెప్పులు విప్పకుండానే బరువు చూసే మిషన్ ఎక్కింది.

అరవై ఎనిమిదిన్నర.

ఒళ్ళు మండిపోయింది. వెంటనే కిందికి దిగింది.

"ఎవరయ్యా ఆయన?" అని వాచ్‌మన్‌ని నిలదీసింది.

"కాటా తాతయ్యండీ. పిల్లలు పెట్టిన పేరు. ఏదో పాత ఇనుం కొట్టు ఉండేదంటారు. నన్నూ వదల్లేదు. మా ఆవిడ ముందే ఎనభై రెండని చెప్పేశారు."

"నువ్వు ఊరుకున్నావా?"

"ఏం చేస్తామండీ, నిజమే కదా."

నెల తిరిగేసరికి ఆమెకీ అలవాటైపోయింది.

లిఫ్టులోకి ఎవరెక్కినా ఆయనే సర్దేవాడు. "మీరు ఆ మూలకి. నువ్వు మధ్యలోకి రామ్మా. ఆ బ్యాగు కింద పెట్టు బాబూ." బరువెక్కువై బెల్లు మోగిందంటే మాత్రం ముందుగా దిగేది ఆయనే. ఎడమ కాలు ఈడుస్తూ దిగి, "మీరు వెళ్ళండి, నేను తర్వాత వస్తా" అనేవాడు.

ఒకరోజు అలాగే బెల్లు మోగింది. ఆయన దిగాడు. కాగితాల కట్టతో ఆమె కూడా దిగింది.

"ఆ కాలితో మీరెందుకు దిగడం బాబాయిగారూ? కుర్రాళ్ళు లేరా?"

"అలవాటమ్మా. ఎప్పుడు చూసినా ఆ కాగితాలేమిటి?"

"రవాణా విమానాల దళానికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. చరిత్ర రాయమన్నారు. ఒక్క బాంబు కూడా వెయ్యని దళం. వరదొస్తే పిండి బస్తాలు, భూకంపం వస్తే డాక్టర్లు, యుద్ధమొస్తే జనం. యాభై ఏళ్ళూ మోతే."

"బరువుల సంగతి రాశావా?"

"పైలట్ల సంగతి రాశాను."

"ఆ, వాళ్ళ సంగతి వాళ్ళే బాగా చెబుతారులే," అని నవ్వాడు.

ఆమెకీ నవ్వొచ్చింది. ఎవరికీ చెప్పని మాట నోటికొచ్చింది.

"అసలు నేను ఈ పని ఒప్పుకున్నది ఒక మనిషి కోసం. నేను పుట్టిన నాలుగో రోజున యుద్ధం మా ఊరిమీద పడింది. ఆఖరి విమానం నిండిపోయింది. తలుపు దగ్గర ఎవరో దిగిపోయి, ఆ చోట్లోకి అమ్మని ఎక్కించారు. పొగలో ముఖం కూడా కనపడలేదట. నలభై ఒక్క ఏళ్ళుగా అమ్మ ఆ మనిషినే తలుచుకుంటోంది."

"పైలట్‌ని అడగలేకపోయావా?"

"అడిగాను. 'నా చూపు ముందుకే ఉంటుందమ్మా, వెనక తలుపు సంగతి నాకేం తెలుసు' అన్నాడు."

"అవును మరి."

"ఆ రోజు బరువుల కాగితం దొరికితే చాలు. లెక్క కట్టి సంతకం పెట్టినవాడు అదే విమానంలో ఎక్కి తీరాలట. లెక్క తప్పితే పోయేవాళ్ళలో తనూ ఉండాలని దళంలో ఆనవాయితీ. ఆ సంతకం ఎవరిదో తెలిస్తే, దిగినవాడెవరో అతన్నే అడుగుతాను."

"దిగినవాడు దొరికితే?"

"అమ్మ ఒక్కటే అడగమంది. ఎందుకు దిగావు నాయనా, అని."

ముసలాయన లిఫ్టు తలుపు మీద మారుతున్న అంకెల వైపు చూశాడు.

"లెక్క కుదరక దిగుంటాడమ్మా. అంతకంటే ఏముంటుంది."

లిఫ్టు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు.

"అమ్మగారు కులాసానా?"

"బానే ఉందండీ. మోకాళ్ళ నొప్పులు, అంతే."

"మంచిది," అన్నాడు. ఆయన అంతస్తు వచ్చేదాకా ఎందుకో నవ్వుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఎదురుపడితే ఆమే ముందు చెప్పేది.

"ఇవాళ అరవై ఎనిమిది."

"పావు దాస్తున్నావమ్మా."

దాస్తున్న మాట నిజమే.

పుస్తకం అచ్చుకి ఇంకా పది రోజులుందనగా ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. చక్రాల కుర్చీని కోడలు తోస్తోంది. ఆమె లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడింది.

ముసలాయన కళ్ళు తెరిచి ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"మూడుంపావు," అన్నాడు.

కోడలు ఇబ్బందిగా చూసింది. "పొద్దుట్నించి ఏదో ఒకటి అంటున్నారండీ. ఏమనుకోకండి."

ఆమె వంగి ఆయన శాలువా సర్దింది.

"ఈసారి తప్పారు బాబాయిగారూ. అరవై ఎనిమిదిన్నర. త్వరగా వచ్చి మళ్ళీ చూడండి."

ఆయన తప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

మళ్ళీ రాలేదు.

ఇప్పుడు లిఫ్టులో బెల్లు మోగితే ఎవరు దిగాలో ఎవరికీ తెలియడం లేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు.

ఎనిమిదో రోజున దళం ఆఫీసు నుంచి కవరు వచ్చింది. పాత గోదాము ఖాళీ చేస్తుంటే దొరికిందట, ఆ ఆఖరి విమానం బరువుల కాగితం.

ఆమె ముందు సంతకం కోసం చూసింది.

ఆ చోటు ఖాళీగా ఉంది.

పైన నూట ముప్పై ఆరు బరువులు. కాటా మీద తూచినవి కావు, కంటితో చూసి వేసినవి. అన్నిటికీ అరలు, పావులు. ప్రతి అంకె పక్కనా రెండే మాటలు: చెప్పులతో కలిపి.

ఆమె వేలు పెట్టి వరుసల వెంట కిందికి చదువుతూ పోయింది.

అట్టడుగున పెన్సిల్‌తో హడావుడిగా రాసిన మూడు వరుసలున్నాయి.

"దిగినది, నేను. డెబ్భై ఒకటి, బూట్లతో కలిపి."

"ఎక్కినది, తల్లి. యాభై ఒకటి, చెప్పులు లేవు."

మూడో వరుస దగ్గర ఆమె వేలు ఆగిపోయింది: "పాప. మూడుంపావు, దుప్పటితో కలిపి."