మూసివేత తీర్మానం

"మూసెయ్యాలన్నా ఏడుగురుండాలి మాస్టారూ. మనం ఆరుగురమే," అన్నాడు కార్యదర్శి అప్పలనరసయ్య.

బచేలి దర్జీల సంఘానికి ఇరవై ఏళ్లుగా అధ్యక్షుడైన సత్యమూర్తి తల పట్టుకున్నాడు. రెడీమేడ్ బట్టలొచ్చాక ఒక్కో షాపూ మూతపడింది. సభ్యత్వం అడిగితే, ఇంట్లో కుట్టేవాళ్లు దర్జీలు కారంటూ రెండుసార్లు తిప్పిపంపిన ఇంద్రాణికే చివరికి ఫోన్ చేశాడు.

"ఒక్క గంట సభ్యురాలిగా ఉండమ్మా. చెయ్యెత్తి వెళ్లిపోదువుగాని."

ఇంద్రాణి వచ్చింది. ఆమె వెనకే కంపెనీ క్వార్టర్లలోంచి పదకొండుమంది ఆడవాళ్లు, మెడల్లో టేపులతోనే వచ్చేశారు.

"వీళ్లంతా ఎవరమ్మా?"

"ఊళ్లో జాకెట్లన్నీ కుట్టేది వీళ్లే మాస్టారూ. పనెక్కువై ఊపిరాడట్లేదు. మాకూ చెప్పుకోడానికొక సంఘం ఉండాలి కదండీ. చేర్చుకుంటే అందర్నీ చేర్చుకోండి, లేదంటే నేనూ వెళ్తాను."

పన్నెండు పేర్లూ రాసుకోక తప్పలేదు. సత్యమూర్తి గొంతు సవరించుకుని తీర్మానం చదివాడు.

"సంఘం మూసెయ్యాలనేవాళ్లు?"

ఐదు చేతులు లేచాయి.

"వద్దనేవాళ్లు?"

అప్పలనరసయ్య రెండుసార్లు లెక్కపెట్టాడు. "పదమూడండీ. ఆడవాళ్లు పన్నెండుమందే కదా?"

సత్యమూర్తి తల పైకెత్తి చూసుకున్నాడు. పదమూడో చెయ్యి తనదే. దించుదామనుకుంటే పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది.

"ఇరవై ఏళ్లలో నా తీర్మానం ఓడిపోవడం ఇదే మొదలు," అన్నాడు, రెండో చేత్తో కళ్లు తుడుచుకుంటూ.