మా సందు మెచ్చిన సైలెన్సర్

కార్లన్నీ చప్పుడు మానేసి ఇరవై ఏళ్లయింది. ఊళ్లో ఇంకా గర్జించేది మా వారి పాత పెట్రోలు స్పోర్ట్స్ కారు ఒక్కటే. పోయిన నెల దాని సైలెన్సర్ తుప్పుపట్టి ఊడిపోయింది. కొత్తది బిగించాలంటే సందులో ప్రతి ఇంటివాళ్లూ చప్పుడు విని సంతకం పెట్టాలి. ఒక్కరు కాదన్నా కారు మ్యూజియానికే.

ఆ కారులో ఇరుక్కుని ఆఫీసుకెళ్లే మా సందులోని నాలుగిళ్ల మగవాళ్లూ నెలంతా అద్దె కారులో నిశ్శబ్దంగా వచ్చి గుమ్మంలో దిగారు. సాయంత్రాలు మేం ఆడవాళ్లం కలిసి యోగా చేస్తామని వాళ్ల నమ్మకం. రెండుసార్లు పేకముక్కలు చాప కిందికి తోసి, ఉన్నపళాన శవాసనం వేశాం.

ఆదివారం మెకానిక్ మస్తాన్ గారు మూడు సైలెన్సర్లు తెచ్చారు.

"మెత్తగా మోగేదే తీసుకుందామే, సంతకాలు రావాలిగా," అన్నారు మా వారు దిగులుగా.

మొదటిది వినిపించారు.

"పిల్లి గుర్రులా ఉంది," అంది పక్కింటి హైమవతి.

రెండోదానికీ పెదవి విరిచింది. మూడోదానికి మా కిటికీలు అదిరాయి.

"ఇది ఎంతదూరం వినిపిస్తుందండీ?" అని మస్తాన్ గారిని అడిగింది హైమవతి.

"వాటర్ ట్యాంకు దాకా, అమ్మా."

"అంటే నాలుగు నిమిషాలు," అని పెన్ను అందుకుంది. మిగతావాళ్లమూ గబగబా సంతకాలు పెట్టేశాం. మా వారికి కళ్లనీళ్లు తిరిగాయి.

మర్నాడు సాయంత్రం వాటర్ ట్యాంకు దగ్గర గర్జన వినిపించింది. వాళ్లు లోపలికొచ్చేసరికి మేం నలుగురం కళ్లు మూసుకుని పద్మాసనంలో ఉన్నాం.

"ఇంత మోతకి కూడా కదల్లేదు చూశారా!" అన్నారు మా వారు, స్నేహితులతో రహస్యంగా. "ఏం ఏకాగ్రతండీ వీళ్లది!"