టీ గ్లాసుల కింది రేకు

పెద్దాయన వంగి, రేకు మీదున్న టీ గ్లాసుల్ని ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టాడు.

"ఇది దేనికి చేశారు మేస్త్రీ?" అని అడిగాడు.

"చూస్తున్నారుగా. గ్లాసులు పెట్టుకోవడానికి."

కోతమిల్లులో అందరూ నవ్వారు.

నిజానికి అది గుండ్రటి రంపం మీద బిగించే మూత. అది ఉంటే పని నెమ్మదిగా సాగుతుందని ఎప్పుడో విప్పేశారు. అప్పటినుంచీ గోడవారన రెండు ఇటుకల మీద పడి ఉంది.

పెద్దాయన వచ్చింది పొయ్యిలోకి రంపపు పొట్టు కోసం. బస్తా తీసుకుని పోవలసినవాడు గంటసేపు వాదించాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ బస్తా, మళ్ళీ వాదన. నెల తిరిగేసరికి మిల్లువాళ్ళు ఆయనకి ప్లీడరు అని పేరు పెట్టేశారు. అసలు పేరు ఎవరూ అడగలేదు.

మేస్త్రీది ఒకటే మాట. తెగాలని రాసుంటే మూత ఉన్నా తెగుతుంది. రాసి లేకపోతే కళ్ళు మూసుకుని కోసినా తెగదు.

ప్లీడరుదీ ఒకటే మాట. రాసింది ఎవరో తెలియదు గానీ, మూత విప్పింది మాత్రం మనిషే.

"రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూస్తారా, చూడరా?" అని అడిగాడొకరోజు.

"చూస్తాను. చూడాలని రాసుంది," అన్నాడు మేస్త్రీ.

నవ్వులతో ఆ పూట పని కాసేపు ఆగిపోయింది. ప్లీడరు కూడా నవ్వాడు.

ఇంకోరోజు మాత్రం మేస్త్రీ నవ్వులాటకి రాలేదు.

"ఇదే రంపం మీద మా నాన్నకి కుడిచెయ్యి పోయింది. అప్పటికి నాకు నాలుగేళ్ళు. ఆయన బతికినన్నాళ్ళూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. నుదుటి రాత అనుకున్నాడు, ఎడంచేత్తో మమ్మల్ని పెంచాడు. ఆయనకంటే మీకు ఎక్కువ తెలుసా?"

ప్లీడరు లేచాడు. బస్తా కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు.

ఇక రాడనుకున్నారు. మర్నాడు పొద్దున్నే, మిల్లు తలుపులు తీయకముందే వచ్చి నిలబడ్డాడు.

పొట్టు ఎత్తే ఆవిడకి జాలేసింది.

"ఎందుకు బాబాయ్, రోజూ గొంతు చించుకోవడం? మా మేస్త్రీ మారే రకం కాదు."

"మారడని నాకూ తెలుసమ్మా. నేను ఊరుకుంటే ఇక్కడ ఆ ఒక్క మాటే మిగులుతుంది. దాని పక్కన ఇంకోటి నిలబడాలి. నిలబెట్టి పోతాను."

రంపం దగ్గర చెక్క తోసేది మేస్త్రీ అల్లుడు, ఉన్న ఒక్క కూతురి మొగుడు. మితభాషి. ఇద్దరి వాదనా వింటూనే పని చేసుకుపోయేవాడు. ఒకరోజు ప్లీడరు రాలేదు. ఆ మధ్యాహ్నం అల్లుడు లేచి, గ్లాసులు పక్కన పెట్టి, రేకు మీద తుప్పు గీకి, నూనె రాసి, రంపం మీద బిగించాడు.

"ప్లీడరు మాటలకి బెదిరావా అల్లుడూ?"

"బెదరలేదు మామయ్యా. ఇన్నాళ్ళుగా వింటున్నాను. ఆయన అడిగినదానికి మీరు ఒక్కసారి కూడా సరైన జవాబు చెప్పలేదు."

"విప్పెయ్."

"విప్పను. పని మానెయ్యమంటే మానేస్తాను."

మేస్త్రీ అల్లుడితో మాటలు మానేశాడు. ప్లీడరు మర్నాడూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు.

వారం తిరిగాక కోతకి వచ్చిన ఒక చెక్కలో పాత మేకు దాగి ఉంది. రంపం దాన్ని తాకగానే చెక్క ఎగిరి వెనక్కి తన్నింది. అల్లుడి చెయ్యి జారి ముందుకు పోయింది. రేకు మోగింది.

రంపం ఆపి చూస్తే మూతకి గుప్పెడంత సొట్ట. అల్లుడికి మణికట్టు వాచింది. అయిదు వేళ్ళూ ఉన్నాయి.

మేస్త్రీ ఆ సొట్టని చూస్తూ దుంగ మీద కూలబడ్డాడు.

"రాసి లేదు. అందుకే తెగలేదు," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఔననీ అనలేదు.

ఆ మాట ప్లీడరు ముఖాన చెప్పి తీరాలనిపించింది మేస్త్రీకి. చెబితే ఆయన ఏదో ఒకటి అంటాడు. అదేమిటో వినకుండా ఉండలేకపోయాడు. పొట్టు ఎత్తే ఆవిడకి ఆయన ఉండే వీధి తెలుసు. ఊరికే వెళ్తే బావుండదని ఒక బస్తా పొట్టు భుజాన వేసుకుని బయల్దేరాడు. దారిపొడుగునా మాటలు పేర్చుకున్నాడు.

తలుపు తీసింది ఆయన కూతురు. నాన్న పోయి తొమ్మిది రోజులైందని, నిద్రలోనే పోయారని చెప్పింది.

వసారాలో పొట్టు బస్తాలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఒక్కదాని మూతి కూడా విప్పలేదు. లోపల గ్యాస్ పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది.

"ఇంత పొట్టు ఎందుకమ్మా ఆయనకి?"

"మాకేం పనికి రాదండీ. ఎందుకు నాన్నా అంటే, వట్టి చేతుల్తో వచ్చి వాదిస్తానంటే ఎవరు రానిస్తారు అనేవారు." ఆమె మేస్త్రీని పరకాయించి చూసింది. "మీరు మేస్త్రీ గారు కదూ? ఒంటిచేతాయన కొడుకు?"

"మా నాన్న మీకెలా తెలుసు?"

ఆమె చెప్పడానికి కొంచెం తడబడింది. తను పుట్టకముందు నాన్న కూడా ఆ మిల్లులోనే మేస్త్రీ అట. పని తొందరగా సాగాలని రంపం మీద మూత విప్పించింది ఆయనేనట. వద్దని వాదించినవాడు ఒక్కడే. మూత విప్పిన మూడో రోజున పోయింది ఆ వాదించినవాడి చెయ్యే.

మేస్త్రీ బస్తా దించడం మరిచిపోయాడు.

ఆసుపత్రి మంచం పక్కన నిలబడి, కళ్ళు తెరిచిన ఆ మనిషితో "నీ నుదుట అలా రాసుంది" అని చెప్పి నమ్మించింది కూడా ఆయనేనట.