అత్తగారి ఎక్స్‌రే

ప్రతి ఇంట్లో మిక్సీ పక్కన ఎక్స్‌రే మిషన్ వచ్చేశాక, ప్రసూన ఆన్‌లైన్‌లో టెక్నీషియన్ కోర్సులో చేరింది. ఈరోజు ప్రాక్టికల్ పరీక్ష. ఈసారి కూడా తప్పితే కోర్సు నుంచి తీసేస్తారు. ఫొటో అనగానే పేషెంటు, అంటే అత్తగారు వర్ధనమ్మ, పట్టుచీర కట్టుకుని, కాసులపేరు వేసుకుని వచ్చి కూర్చుంది.

"నగ తియ్యండత్తయ్యా, ఎముకలకి అడ్డం."

"బోసిమెడతోనా? అవతల మీ మేష్టారు చూస్తుంటే!"

గోడ మీది తెరలో మేష్టారు గడియారం చూసుకున్నారు.

"ఎదురింటి కామేశ్వరిగారి ఎక్స్‌రేలో నగల్లేవు కదా!"

"దానికుంటేగా!"

"పరీక్షయ్యాక కంప్యూటర్లో వేసేస్తాను. రెండు పేటలు."

వర్ధనమ్మ వెంటనే తీసేసింది. ప్రసూన పాసైంది.

ఇప్పుడు హాల్లో ఆవిడ పక్కటెముకలు రెండు పేటల కాసులపేరుతో వేలాడుతున్నాయి. వచ్చే పరీక్ష పుర్రె అని తెలిసి, ఆవిడ అప్పుడే దిద్దులు మెరుగుపెట్టడానికి ఇచ్చింది.