ఒక్క రింగు

బస్సు జోగిపేట బస్టాండు దాటగానే అజీజ్ ఫోన్లో, వీడియో కాల్‌లో, ఒక దిండు కనిపించింది.

దిండు మీద నెరిసిన జడ. దాని వెనక గోడ. అంతే.

"అమ్మీ, అబ్బా లైన్ల ఉన్నరు. జెర ఇటు తిరుగు." కూతురు తహ్రీమ్ గొంతు అది.

జడ కదల్లేదు.

"ఉండనియ్యి బేటా," అన్నాడు అజీజ్. "రేపు చూస్తలే."

ఆ రేపు రంజాన్ ముందు నుంచీ వాయిదా పడుతూనే ఉంది. అప్పుడే అతని భార్య అనీస్ బేగానికి పక్షవాతం వచ్చింది. నోరు ఒక పక్కకు లాగేసి, మాట పడిపోయింది.

అన్నీ అర్థమవుతాయనే డాక్టరు చెప్పాడు. కానీ ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఎవరి ముఖమూ చూడదు. తినిపిస్తే తింటుంది, కళ్లు మూసుకుంటుంది.

"అమ్మీకి మనం యాదికున్నమా, అబ్బా?" అని నిన్న తహ్రీమ్ అడిగింది.

 

సెలవులన్నీ అయిపోయాయి. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఫోన్ పెట్టెలో వేసి లోపలికి పోవాలి, సాయంత్రం దాకా దాన్ని ముట్టేది లేదు. పగటిపూట ఆమెను పలకరించాలంటే ఈ బస్సే దిక్కు.

పక్క సీట్లో నర్సింగ్, అదే ఫ్యాక్టరీ కుర్రాడు, ఫోన్లో ఎవరో గంతులేస్తుంటే లీనమైపోయాడు. ముందు సీటామె పప్పులో చింతపండు ఎంత వేయాలో ఇంటికి వీడియోలో చెబుతోంది. వెనక ఒకాయన, "కంది దాటిన సార్, అయిపాయె, వస్తున్న," అంటున్నాడు. బస్సింకా సంగారెడ్డికే రాలేదు.

ఇది మాటలకు కరువు లేని కాలం.

అజీజ్‌కు కరువు కాలమే గుర్తొచ్చింది.

అప్పట్లో మొగుడికొకటి, పెళ్లానికొకటి బటన్ ఫోన్లు. బ్యాలెన్స్ ఎప్పుడూ అడుగంటే ఉండేది. మాట్లాడితే పైసలు పోతాయి, మాట్లాడకపోతే ప్రాణం ఒప్పదు. అందుకని ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు.

సంగారెడ్డి దాటాక ఆయన ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తాడు. సీటు దొరికింది, ఫికర్ చెయ్యకు అని.

ఆమె తిరిగి ఒక్క రింగు ఇస్తుంది. సరే, పైలంగ పో, జాగ్రత్త అని.

ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే రూపాయి గోవిందా.

ఒకే ఒక్కసారి ఆమె ఎత్తింది. కొత్తలో, కంగారులో పచ్చ బటన్ నొక్కేసింది. నొక్కాక ఏం మాట్లాడాలో తోచక, "తిన్నరా?" అని అడిగింది. ఆమె చేతి రొట్టెలు తినే బస్సెక్కిన మనిషిని!

అజీజ్ పటాన్‌చెరు దాకా నవ్వుతూనే ఉన్నాడు. కండక్టరు ఎగాదిగా చూశాడు.

ఇప్పుడు ఆ ఒక్క "తిన్నరా" కోసం నెల జీతం ఇచ్చెయ్యమన్నా ఇచ్చేస్తాడు.

తర్వాత మాటలు చవకయ్యాయి. రింగులు ఆగిపోయాయి. ఏ రోజు ఆగాయో ఇద్దరికీ గుర్తులేదు. అనీస్ మాత్రం తన బటన్ ఫోన్ వదల్లేదు. మంచాన పడ్డాక అది బీరువాలోకి చేరింది.

ఈ పొద్దున అజీజ్ దాన్ని బయటికి తీశాడు. తుడిచి, చార్జింగ్ పెట్టి, రీచార్జ్ చేయించి, ఆమెకు ఇంకా కదిలే ఎడమ చేతి కింద పెట్టి వచ్చాడు.

రింగుల సంగతి తెలియని తహ్రీమ్ నవ్వింది. "వీడియోలనే చూడని మనిషి గా డబ్బా ఫోన్‌తోని ఏం జేస్తది అబ్బా?"

సంగారెడ్డి దాటింది.

అజీజ్ ఆ నంబరు నొక్కి, ఒక్క రింగు విని కట్ చేశాడు.

కంది వచ్చింది, పోయింది. ఏమీ లేదు.

రుద్రారంలో కాలేజీ పిల్లలు దిగుతుండగా ఫోన్ గుర్రుమంది.

తహ్రీమ్ మెసేజ్. 'అమ్మీ ఫోన్‌కు మీ కాల్ వచ్చి కట్ అయింది. ఏమన్న పనా అబ్బా?'

'ఏం లేదు. ఆ ఫోన్ నువ్వు ముట్టకు,' అని కొట్టాడు.

ఇస్నాపూర్ కూడా దాటిపోయింది.

పటాన్‌చెరులో బస్సు దిగి, గేటు దాకా అజీజ్ కాళ్లీడుస్తూ నడిచాడు.

"ఏంది చాచా, మోకాళ్లు నొస్తున్నయా?" అన్నాడు నర్సింగ్.

"జెర మెల్లగ పోదాం, బిడ్డా."

గేటు దగ్గర లైన్లో వెనకవాళ్లను ముందుకు పొమ్మన్నాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ పోయారు. పొమ్మనడానికి ఇక ఎవరూ మిగల్లేదు. సెక్యూరిటీ అతను పెట్టె ముందుకు తోశాడు.

ఫోన్ మోగింది.

నర్సింగ్ తొంగి చూశాడు. "చాచీ నంబరే. ఎత్తు చాచా, జల్దీ."

అజీజ్ ఎత్తలేదు. ఫోన్ వంకే చూస్తూ నిలబడ్డాడు. తహ్రీమ్ అయితే ఎత్తేదాకా మోగిస్తూనే ఉంటుంది.

ఒక్క రింగు. ఆగిపోయింది.

"అరె, కట్ అయింది," అన్నాడు నర్సింగ్. "మళ్ల చెయ్యరాదు?"

అజీజ్ ఫోన్‌ను మెల్లగా పెట్టెలో పెట్టాడు.

"అవసరం లేదు బిడ్డా. పైలంగ పొమ్మన్నది."