తల తిరగని నాలుగు వందల మంది

"ఈ మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచీ తల తిరుగుతోంది డాక్టరుగారూ," అంది అమ్మ, బల్ల అంచు పట్టుకుని.

డాక్టరు పెదవి విరిచాడు. "ఈ మాత్ర వాడే నాలుగు వందల మందిని అడిగి పరిశోధన చేశారమ్మా. ఒక్కరంటే ఒక్కరికి తల తిరగలేదు. మీకొక్కరికే తిరుగుతుందా? ఉత్త భ్రమ."

"నువ్వన్నా చెప్పరా," అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

ఆ పరిశోధన కోసం నాలుగు వందల మంది ఇళ్లకూ వెళ్లి అడిగి రావాల్సినవాణ్ని నేనే. ఎండలో ఎవడు తిరుగుతాడని క్యాంటీన్ ఫ్యాను కింద కాళ్లు చాపుకుని, ప్రతి ఫారంలోనూ ‘తల తిరగలేదు’ అని గీకిపారేసిన వెధవనీ నేనే.

"పెద్ద చదువులవాళ్లకు తెలియదా? నస పెట్టకుండా వేసుకో," అన్నాను.

"అంతేలే. అంతమంది అబద్ధం ఆడతారా!" అంటూ అమ్మ నా భుజం పట్టుకుని తూలుతూ లేచింది.