పొగమంచులో పడవ

“పిల్ల పోయి ఏడాదైనా తిరక్కముందే ఇంట్లో ఈ పాచికలేంటి? ఇటివ్వు, కాలవలో పారేసి వస్తాను!” గౌరీశంకరం కేకలు వంటింట్లోకి వినబడుతూనే ఉన్నాయి.

“జూదం కాదు నాన్నా, కథ. నేను కథ నడుపుతాను. ఏం చేస్తారో ఆడేవాళ్లు చెబుతారు. అది కుదిరిందో లేదో పాచిక తేలుస్తుంది,” అన్నాడు సుధీర్.

“హరిదాసువి మరి! చిడతలు కొనిపెట్టనా?”

దుర్గాంబ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గచ్చు మీద సుద్దతో గీసిన నది, దాని మధ్యలో ఒంటరిగా ఒక చింతగింజ.

“ఇదెవరిదే?” అని చిన్నకూతురు శ్రీవిద్యను అడిగింది.

“నిధక్కదమ్మా. ఆటలో పడవ నడిపేది అక్కే.”

“అది పోయి నాలుగు నెలలైంది కదరా. ఇంకా నది మధ్యలోనే ఉందేంటి?”

సుధీర్ తలెత్తలేదు. “ఒడ్డుకొచ్చాక ఏం చేస్తుందో అక్కే చెప్పాలమ్మా. కథ నడిపేవాడు ఆడేవాళ్ల బదులు చెప్పకూడదు. అందుకే ప్రతి ఆదివారం ఏదో ఒకటి కల్పిస్తున్నాను. ఓసారి పొగమంచు, ఓసారి ఎదురుగాలి, ఓసారి తెడ్డు విరిగిందని. ఇంక నాకేం తోచట్లేదు.”

గౌరీశంకరం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

దుర్గాంబ ఆ గింజ పక్కనే చతికిలబడింది. శ్రీనిధి సామాన్లు తీసుకెళ్లమని బాపట్ల హాస్టల్ నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా తాను చెప్పిన సాకులు గుర్తొచ్చాయి. ఒకసారి వానంది, ఇంకోసారి జ్వరమంది.

ఎవరి మొహమూ చూడకుండా, అందరికీ వినబడేలా మెల్లగా అంది.

“రేపు పొద్దున్న బండికి నలుగురం బాపట్ల వెళ్దాం. నిధి పెట్టె తెచ్చేసుకుందాం.”